వెనక సీటు నుంచి హాజాంగ్



విదేశంలో మోటార్‌సైకిల్ మీద కొండదారులు తిరిగి రావాలన్న కోరిక మన యువతలో ఈమధ్య బాగా పెరిగింది. లడఖ్ చూసొచ్చినవాళ్ళ చూపు ఇప్పుడు దేశం దాటి పోతోంది. ఆ మాట ఎత్తగానే అందరి మనసులోనూ కదిలే బొమ్మ ఒకటే. హ్యాండిల్ మన చేతిలో ఉంటుంది, ముందు ఖాళీ రోడ్డు, దాని పక్కన లోయ. ఈ పూట నేను మీకు చెప్పదలచుకున్నది ఆ బొమ్మను కాస్త మార్చుకోమని. హ్యాండిల్‌ను ఆ దారిలో పుట్టి పెరిగిన మనిషికి ఇచ్చి, మీరు వెనక కూర్చోండి అంటాను. కాలేజీ రోజుల నుంచీ సొంత బండి మీదే ఊళ్ళు తిరిగినదాన్ని, నేను ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ఎందుకు అంటున్నానో వియత్నాంలోని ఒక దారి గురించి చెబితే మీకే తెలుస్తుంది.

వియత్నాం ఉత్తరపు కొసన, చైనా యున్నాన్ రాష్ట్రాన్ని ఆనుకుని హాజాంగ్ అనే కొండసీమ ఉంది. హనోయ్ నుంచి ఉత్తరంగా సుమారు 300 కిలోమీటర్లు. రాత్రి స్లీపర్ బస్సెక్కితే తెల్లారేసరికి హాజాంగ్ పట్నంలో దిగుతాం. 2025 జులైలో అక్కడి ప్రభుత్వం రాష్ట్రాలను కలిపినప్పుడు హాజాంగ్ పక్కనున్న తుయెన్ క్వాంగ్‌లో కలిసిపోయింది. జనం నోట్లో మాత్రం పాత పేరే ఉంది. పట్నం నుంచి క్వాన్ బా, యెన్ మిన్, డోంగ్ వాన్, మియో వాక్ ఊళ్ళ మీదుగా వెళ్ళి, వేరే దారిన జూ జా మీదుగా తిరిగొచ్చే చుట్టుదారి ఇది. మొత్తం మూడువందల యాభై కిలోమీటర్ల చిల్లర. మైదానంలో అయితే ఒక్కపూట పని. ఇక్కడ మూడు నాలుగు రోజులు పెట్టుకోవాలి, పెట్టుకున్నా చాలలేదనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పట్టించుకోకుండానే టికెట్లు కొనేస్తున్నారు. మన ఆర్‌టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌ను. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. బండి అద్దెకిచ్చే దుకాణంలో దాన్ని చూసి తలూపి తాళం చేతిలో పెట్టేవాళ్ళు దొరుకుతారు. కానీ దుకాణదారు ఒప్పుకున్నంత మాత్రాన పోలీసు ఒప్పుకోడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇన్సూరెన్సుతో. చెల్లని లైసెన్సుతో నడుపుతూ పడి కాలు విరిగితే ప్రయాణ బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఇక బండ్లు నడిచేది రోడ్డుకు కుడివైపున. మామూలుగా వెళ్తున్నప్పుడు కుడివైపు గంటలో అలవాటైపోతుంది. మలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు మాత్రం చెయ్యి పుట్టినప్పటి నుంచీ నేర్చిన వైపుకే, ఎడమకే లాగుతుంది.

హ్యాండిల్ లేనిదే యాత్ర కాదనుకునేవాళ్ళకు థాయిలాండ్ ఉంది. అక్కడ మన పర్మిట్‌ను ఒప్పుకుంటారు, బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. చియాంగ్ మాయ్ నుంచి మే హాంగ్ సాన్ చుట్టి వచ్చే దారిలో 1,864 మలుపులున్నాయని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మోటార్‌సైకిల్ నడిపే అర్హత మీ పర్మిట్‌లో నమోదై ఉందో లేదో చూసుకుని నిశ్చింతగా వెళ్ళిరండి. నా మనసు మాత్రం హాజాంగ్ దగ్గరే ఉంది.

హాజాంగ్‌లో బండితో పాటు నడిపే మనిషి కూడా దొరుకుతాడు. వాళ్ళను అక్కడ ఈజీ రైడర్లు అంటారు. ఎక్కువమంది ఇరవై, ముప్పై ఏళ్ళ మధ్య కుర్రాళ్ళు. హ్మోంగ్, తాయ్, జావ్ వంటి కొండజాతులవాళ్ళు చాలామంది. నేను వెళ్ళినప్పుడు మా బండి నడిపింది హ్మోంగ్ కుర్రాడు. డోంగ్ వాన్ అవతల ఒక పల్లె అతనిది. బండి నూటపది సీసీ హోండా. క్లచ్ పిడి ఉండదు, కాలితో గేర్లు వేయాలి. ఇంత చిన్న బండి ఇద్దరిని ఎలా ఎక్కిస్తుందా అనుకున్నాను. ఎక్కడం సులువే, దిగడంలోనే విద్య ఉందని మొదటి ఘాట్‌లోనే తెలిసింది. కిలోమీటర్ల కొద్దీ పల్లం వచ్చినా అతను బ్రేకు మీద కాలు ఆనించేవాడు కాదు. రెండో గేరులో పెట్టి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచేవాడు, బ్రేకును మలుపు కోసం దాచుకునేవాడు. గేర్లు లేని స్కూటర్ తీసుకుని వచ్చినవాళ్ళు ఇదే పల్లంలో బ్రేకులు కాలి, వాసన వస్తుంటే పక్కకు ఆపుకుని నిలబడటం చూశాను. ప్రతి గుడ్డి మలుపు ముందూ అతను రెండుసార్లు హారన్ కొట్టి, ఒక్క క్షణం చెవి పెట్టి, ఆ తర్వాతే తిరిగేవాడు. అవతలి నుంచి జవాబు హారన్ వస్తే కొండకు ఆనుకుని ఆగేవాడు.

వెనక కూర్చున్నవాళ్ళకు ఈ లెక్కలేవీ ఉండవు. తారు మీద కంకర ఉందా, మలుపులో మట్టి జారిందా అని చూసే పని మనది కాదు. కళ్ళు పూర్తిగా మనవి. కొండదారిలో బండి నడిపే మనిషి కొండను చూడలేడు, రోడ్డును మాత్రమే చూస్తాడు. ఇది నా సొంత అనుభవం మీద చెబుతున్నాను. మన అరకు ఘాట్‌లో ఎన్నోసార్లు బండి నడిపాను, అనంతగిరి దగ్గర కాఫీ తోటలు ఎంత దూరం పరుచుకుని ఉంటాయో మొదటిసారి గమనించింది మాత్రం బస్సు కిటికీ పక్కన కూర్చున్న రోజున.

ఇప్పుడు దారి గురించి. హాజాంగ్ పట్నం నుంచి మియో వాక్ దాకా ఉన్న సుమారు 185 కిలోమీటర్ల రోడ్డుకు వాళ్ళు పెట్టుకున్న పేరు ఆనంద మార్గం. దాని పని 1959లో మొదలై 1965లో ముగిసింది. అంతకుముందు ఈ సున్నపురాతి పీఠభూమి మీద బతికేవాళ్ళకు బయటి ప్రపంచంతో సంబంధం గుర్రం నడిచే కాలిబాటే. ఉప్పు కావాలన్నా రోజుల తరబడి నడక. ఉత్తరాన ఎనిమిది రాష్ట్రాల నుంచి పదహారు జాతుల యువతీయువకులు వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి ఈ రోడ్డు తవ్వారు. యంత్రాలు లేవు. గునపం, సుత్తి, ఉలి, మందుగుండు. మొత్తం ఇరవై లక్షలకు పైగా పనిదినాలు పట్టాయని అంటారు.

అన్నిటికన్నా కష్టమైన చోటు డోంగ్ వాన్, మియో వాక్ ఊళ్ళ మధ్యనున్న మా పీ లెంగ్ కనుమ. అక్కడ కొండ నిట్టనిలువు గోడ. కాలు మోపే చోటే లేదు. కుర్రాళ్ళు నడుముకు తాళ్ళు కట్టుకుని పైనుంచి వేలాడుతూ, రాతికి ఉలితో రంధ్రాలు చేసి, మందు కూరి పేల్చుకుంటూ పోయారు. అలా వేలాడుతూ చేసిన పని పదకొండు నెలలు సాగింది. చనిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సమాధులు యెన్ మిన్‌లో ఉన్నాయి. మా కుర్రాడు అక్కడ బండి ఆపి అగరొత్తులు వెలిగించాడు. ఎవరూ చెప్పకుండానే అతని వెనక వచ్చిన ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూడా ఆగి వెలిగించారు.

సరిగ్గా అదే దశాబ్దంలో మన తూర్పు కనుమల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుదారి పడింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం వేసిన దారి అది. అరకు వెళ్ళే రైల్లో పిల్లలు సొరంగాలు లెక్కపెడుతూ కేకలు వేస్తారు. పెద్దలు జలపాతాలు చూపిస్తారు. ఆ రాళ్ళు పగలగొట్టిన కూలీల గురించి ఆ పెట్టెలో ఎవరైనా మాట్లాడగా నేను ఇంతవరకూ వినలేదు. మా పీ లెంగ్ మీద ఆ కుర్రాళ్ళకు విగ్రహాలు నిలబెట్టారు. అటు వెళ్ళే ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. ఈ తేడా నన్ను చాలా రోజులు వెంటాడింది.

కనుమ పొడవు ఇరవై కిలోమీటర్లు. పైనుంచి చూస్తే కింద న్యో క్వే నది సన్నని పచ్చని గీత. యున్నాన్‌లో పుట్టి, లుంగ్ కూ దగ్గర వియత్నాంలోకి దిగి, ఈ కొండల్ని నిలువునా కోసుకుంటూ గామ్ నదిలో కలుస్తుంది. టు సాన్ అనే చోట లోయ గోడలు ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు. కిందనున్న జలవిద్యుత్ ఆనకట్ట వల్ల నీరు నిలిచి ఇప్పుడు ఆ గోడల మధ్య పడవల్లో తిరగొచ్చు. పడవలో కూర్చుని పైకి చూసినప్పుడు, మనం పొద్దున వచ్చిన రోడ్డు ఎక్కడుందో వెతికినా దొరకదు. వేలాడి తవ్వినవాళ్ళు ఏ ఎత్తున వేలాడారో అక్కడ అర్థమైంది.

ఈ పీఠభూమిలో ఎక్కువ భాగం సున్నపురాయి. ఇక్కడి రాళ్ళలో కొన్నిటి వయసు యాభై కోట్ల ఏళ్ళు దాటింది. 2010లో దీన్ని అంతర్జాతీయ జియోపార్కుల జాబితాలో చేర్చారు, వియత్నాంలో ఇదే మొదటిది. రాళ్ళ గురించి పుస్తకాల్లో చదవొచ్చు. నేను చెప్పాలనుకున్నది ఆ రాళ్ళ మధ్య సేద్యం గురించి.

సున్నపురాతి నేల మీద వాన జల్లెడలో పోసినట్టు కిందికి జారిపోతుంది. వానలు బాగానే పడే ఈ కొండల మీద తాగేందుకు నీరుండదు, నదేమో వందల మీటర్ల లోతున ఉంటుంది. అందుకని కొండ వాలులో ఊట దొరికిన చోట కాంక్రీటు చెరువులు కట్టి నీళ్ళు దాచుకుంటారు. మట్టి కూడా అంతే కరువు. నల్లగా మొనదేలిన బండల మధ్య దోసెడు దోసెడు గుంటలు. హ్మోంగ్ ఆడవాళ్ళు వీపు మీద బుట్టలతో కింద నుంచి మట్టి మోసుకొచ్చి ఆ గుంటలు నింపుతారు. వానకు కొట్టుకుపోకుండా చుట్టూ చిన్నరాళ్ళు పేరుస్తారు. ఒక్కో గుంటలో నాలుగు మొక్కజొన్న గింజలు వేస్తారు. దూరం నుంచి చూస్తే రాతిలోంచే చేను మొలిచినట్టుంటుంది. ఆ మొక్కజొన్నను తిరగలిలో విసిరి, పిండిని తడిపి, రెండుసార్లు ఆవిరి పట్టి మెన్ మెన్ అనే అన్నం వండుకుంటారు. వరి పండని చోట అదే రోజూ తిండి. జొన్న సంకటితో పెరిగిన మన పాలమూరు, అనంతపురం పెద్దవాళ్ళు తింటే, పొడిపొడిగా ఉన్నా, కూరగాయల పులుసుతో ఇష్టంగానే తింటారు.

బండి నడుపుతూ ఉంటే ఆ గుంటలు నాకు కనిపించేవి కావు. కనిపించినా, నల్లటి బండల మధ్య ఏదో పచ్చదనం అనుకుని దాటిపోయేదాన్ని. మా కుర్రాడు వేగం తగ్గించి వేలు పెట్టి చూపించాడు. వాళ్ళమ్మ మోసిన మట్టి కూడా అలాంటి గుంటల్లోనే ఉందన్నాడు. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్న మాటలే అవి. అయినా ఏదీ తప్పిపోలేదు.

రోడ్డు పక్కన నడిచే ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. జనపనార పోగుల్ని ఒకదాని కొసకు ఇంకోదాన్ని పురి పెట్టి అతుకుతూ, చేతికి చుట్టుకుంటూ నడుస్తారు. సంతకు వెళ్తూ, పొలం నుంచి వస్తూ, కబుర్లు చెప్పుకుంటూ కూడా పని సాగుతూనే ఉంటుంది. క్వాన్ బా దగ్గర లుంగ్ టామ్ పల్లెలో ఆడవాళ్ళ సహకార సంఘం ఉంది. నార ఒలవడం, దంచడం, వడకడం, బూడిదనీళ్ళలో ఉడకబెట్టడం, నేయడం అన్నీ అక్కడ చూడొచ్చు. నేసిన గుడ్డను గుండ్రటి దుంగ మీద వేసి, పైన బరువైన రాతిపలక పెట్టి, ఆ పలక మీద మనిషి నిలబడి అటూ ఇటూ ఊగుతూ నునుపు చేస్తుంది. తేనెమైనంతో ముగ్గులు గీసి నీలిమందులో ముంచుతారు. మన కలంకారీ చేసేవాళ్ళు చూస్తే ఆ మైనం గీత చూసి నిలబడిపోతారు. కొనదలచుకుంటే అక్కడే కొనండి, బేరం మరీ ఆడకండి.

సా ఫిన్‌లో హ్మోంగ్ రాజు అనిపించుకున్న వూంగ్ చిన్ దుక్ కట్టించిన రాతిభవనం ఉంది. నల్లమందు వ్యాపారంతో వచ్చిన సంపద. స్తంభాల కింది రాళ్ళను గసగసాల కాయల ఆకారంలో చెక్కించాడు. లుంగ్ కూలో ఉత్తరపు కొస మీద ధ్వజస్తంభం, దాని మీద 54 చదరపు మీటర్ల జెండా. దేశంలోని 54 జాతులకు గుర్తు. రెండూ చూడదగ్గవే, కానీ ఎక్కువసేపు అక్కర్లేదు.

సరిహద్దు ప్రాంతమని మరచిపోకూడదు. 1979లో చైనాతో యుద్ధం జరిగింది. ఆ తర్వాత కూడా హాజాంగ్ పట్నానికి దగ్గరలోని వి జుయెన్ కొండల్లో 1989 దాకా పోరు సాగింది. అక్కడ పాతిన మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదు. సరిహద్దు కొండల్లో దారి విడిచి ఫొటో కోసం పొదల్లోకి దిగితే డ్రైవరు గట్టిగా కేకేస్తాడు. ఆ కేకను గౌరవించండి.

రెండు విషయాలు నాకు బాధ కలిగించాయి. థామ్ మా మలుపుల దగ్గర చిన్నపిల్లలు వీపున పూలబుట్టలతో నిలబడి ఉంటారు. ఫొటో తీసుకుంటే డబ్బులివ్వాలి. మనసు కరిగి ఇచ్చేస్తాం. ఆ డబ్బు కోసమే పిల్లల్ని బడి మాన్పించి అక్కడ నిలబెడుతున్నారని, ఇవ్వొద్దని ఊరి పెద్దలు, టీచర్లు వేడుకుంటున్నారు. మా కుర్రాడు అక్కడ ఆపడానికి ఒప్పుకోలేదు. నేను కూడా ఇదే చెబుతాను: పిల్లల ఫొటోకి డబ్బు ఇవ్వకండి. ఇవ్వాలనుంటే ఆ ఊళ్ళో భోజనం చేసి, ఆ ఇంట్లో పడుకుని, ఆ ఇంటామెకు ఇవ్వండి. రెండోది, మా పీ లెంగ్ అంచునే లేచిన ఏడంతస్తుల హోటల్. అనుమతులు లేకుండా కట్టినట్టు 2019లో బయటపడి దేశమంతా గొడవైంది. కొంత భాగం తీసేయాలని, రూపం మార్చాలని ప్రభుత్వం ఆదేశించింది. తాళ్ళకు వేలాడి రోడ్డు తవ్వినవాళ్ళు ఆ చోటును ఎలా వదిలి వెళ్ళారో, అలా ఉంచే బాధ్యత చూడటానికి వెళ్ళే మనకూ ఉంది. అలాంటి కట్టడాల్లో గది కావాలని అడిగేది మనమే కదా.

ఆదివారం మియో వాక్‌లోగాని డోంగ్ వాన్‌లోగాని ఉండేలా చూసుకోండి. సంత తెల్లవారకముందే మొదలవుతుంది. గంటల తరబడి కొండలు దిగి వచ్చిన జనం, పశువులు, పందిపిల్లలు, మొక్కజొన్న సారా డబ్బాలు. మాంసం తిననివాళ్ళు థాంగ్ కో గిన్నెల వైపు వెళ్ళకండి, అది గుర్రం మాంసం, పేగులు కలిపి వండేది. మొక్కజొన్న రొట్టె, గుమ్మడి చిగుళ్ళ వేపుడు, టోఫు ఎక్కడైనా దొరుకుతాయి. చాంద్రమానంలో మూడో నెల ఇరవై ఏడో రోజున ఖావ్ వాయ్ సంత జరుగుతుంది. పెళ్ళి కాలేకపోయిన పాత ప్రేమికులు ఏడాదికోసారి అక్కడ కలిసి మాట్లాడుకుంటారు. భార్యలు, భర్తలు అడ్డు చెప్పరు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, అక్టోబరు, నవంబరు మంచి కాలం. రాళ్ళ మధ్య బక్‌వీట్ పూసి లోయలు గులాబీ రంగు తిరుగుతాయి. మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కొండచరియలు. 2024 సెప్టెంబరులో యాగీ తుపాను ఉత్తర వియత్నాం కొండల్ని ఎలా ముంచిందో పత్రికల్లో చూసే ఉంటారు. డిసెంబరు, జనవరిలో మంచు పొగ కమ్మి పది గజాల అవతల రోడ్డు కనపడదు, చలి ఎముకలు కొరుకుతుంది.

డ్రైవరును కుదుర్చుకునేటప్పుడు కొన్ని సంగతులు ముందే అడిగి తేల్చుకోండి. ముఖం పూర్తిగా కప్పే హెల్మెట్, మోకాలి కవచాలు ఇస్తారా? రోజుకు ఎంత దూరం? చీకటి పడకముందే బస చేరతామా? చేరలేమంటే ఆ పథకం వద్దనండి. గుంపులు గుంపులుగా ముప్పై బండ్లు ఒకేసారి తీసుకెళ్ళే ఏర్పాట్లున్నాయి. రాత్రంతా సారా, పాటలు, పొద్దున నిద్ర చాలని డ్రైవర్లు. అటువంటి వాటికి దూరంగా ఉండండి. నాలుగైదు బండ్లకు మించని చిన్న జట్టు అడగండి. డ్రైవరుకు రోజుకు ఎంత ముడుతుందో కూడా అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. బక్షీసు ఇవ్వదలచుకుంటే చివరి రోజున అతని చేతికే ఇవ్వండి. కుదిరితే దారిలో అతని ఊరు ఎక్కడో అడిగి, ఆ పల్లె మీదుగా వెళ్ళే సందుదారి ఉంటే తీసుకెళ్ళమనండి. నేను అలా అడిగినందుకే మా కుర్రాడు జాతీయ రహదారి వదిలి, మొక్కజొన్న కంకులు ఆరబోసిన సన్నని సిమెంటు బాటలో, ఆ కంకుల మీద చక్రం పడకుండా నడిపిస్తూ, వాళ్ళ నాన్నగారింటి ముందు ఆపాడు. ఆ సందుదారి ఏ మ్యాపులోనూ లేదు.